విరగని కెరటం

బీజాపూర్ రోడ్డు మీద మర్రిచెట్ల నీడలో కారు ఆపితే చాలు, ఎవరో ఒకరు వచ్చి పైన కట్టిన బల్లను తట్టి చూస్తారు. మొన్న మొయినాబాద్ చాయ్ హోటల్ దగ్గర ఒక రైతు, మెహిదీపట్నం రైతు బజారులో కూరగాయలు దింపి తిరిగొస్తున్నాయన, డిక్కీలో ఉన్న రెక్కలను తడిమి చూసి అడిగాడు: "ఇది నీళ్లల్ల ఎగుర్తదా సారూ?"

ఎగురుతుంది. దాన్ని చెప్పడానికి అంతకన్నా సరైన మాట నాకూ దొరకలేదు.

తెడ్డు పట్టుకుని నిలబడి నడిపే బల్ల అది. అడుగున ముప్పావు మీటరు పొడవున్న మాస్ట్, దాని కొసన ముందొక పెద్ద రెక్క, వెనకొక చిన్న రెక్క. అంతా కలిపి ఫాయిల్ అంటారు. వేగం అందుకోగానే రెక్క బల్లను నీటి మీంచి పైకి లేపుతుంది. గాలికన్నా నీరు దాదాపు ఎనిమిది వందల రెట్లు చిక్కన కాబట్టి అంత చిన్న రెక్కే మనిషిని మోస్తుంది. ఇటలీలో ఎన్రికో ఫోర్లానినీ 1906లోనే మాజోరే సరస్సు మీద ఇలా రెక్కల పడవను లేపాడు. హవాయిలో కై లెన్నీ లాంటివాళ్లు అదే సూత్రాన్ని తెడ్డుబల్ల కిందికి తెచ్చింది మాత్రం ఈమధ్యే.

నాకిది అంటించినవాడు మా తమ్ముడి కొడుకు. చిలుకూరు బాలాజీ గుడిలో నూట ఎనిమిది ప్రదక్షిణలు చేసి అమెరికా వెళ్లినవాడు, కాలిఫోర్నియా తీరంలో ఈ విద్య నేర్చుకుని, సెలవులకు వస్తూ బల్లను వెంట తెచ్చాడు. తిరిగి వెళ్లేటప్పుడు నాకు వదిలి వెళ్లాడు.

చేవెళ్లలో పుట్టినవాడికి పెద్ద నీళ్లంటే గండిపేట, హిమాయత్‌సాగర్. 1908 మూసీ వరద నగరాన్ని ముంచెత్తాక మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఆలోచనతో కట్టిన చెరువులివి. గండిపేట 1920లో పూర్తయింది, హిమాయత్‌సాగర్ 1927లో. వానాకాలం పడమటి గాలికి గండిపేట కట్టను అలలు తపతపా కొడుతుంటే, చిన్నప్పుడు సముద్రమంటే ఇదే కాబోలు అనుకునేవాణ్ణి. ఆ అలలు బల్లను మోయలేవు. గాలికి అక్కడ పరుగెత్తే చోటు నాలుగైదు కిలోమీటర్లే. సముద్రం మీద గాలి వందల కిలోమీటర్లు నీటిని తోస్తుంది. ఎక్కడో దక్షిణాన తుఫానులో పుట్టిన అల రోజుల తరబడి నడిచి మన తీరానికి చేరుతుంది. పైగా గండిపేట, హిమాయత్‌సాగర్ తాగునీటి చెరువులు. వాటిలో బల్ల వేయాలన్న ఆలోచనే నాకు నచ్చదు.

అందుకని మన్నెగూడ, వికారాబాద్ మీదుగా కోట్‌పల్లి ప్రాజెక్టుకు వెళ్లాను. నగరం వాళ్లు కయాకింగ్‌కు వెళ్లే చోటే. ఫాయిల్ విప్పేసి, ఒట్టి బల్ల మీద ఒక చలికాలమంతా తెడ్డు వేశాను. చూపు కాళ్ల మీద కాకుండా అవతలి ఒడ్డు మీద ఉంచడం, మోకాళ్లు సడలించడం, తెడ్డును చేతులతో కాక నడుముతో లాగడం అక్కడే వచ్చాయి. నిలకడ నీటిలో నేర్చుకోకుండా సముద్రంలో దిగినవాళ్లను చూశాను. వాళ్ల బలమంతా నిలబడటానికే ఖర్చవుతుంది, కెరటాన్ని చూసే తీరిక ఉండదు.

ఆ తర్వాత మే నెలలో విశాఖ వెళ్లాను, రుషికొండ దగ్గరికి. సెలవు మీద వచ్చి మావాడూ తోడున్నాడు. స్నానాలు చేసేవాళ్లకు దూరంగా, మనిషి లోతు దాటాక బల్ల ఎక్కాం. మొదటి మూడు రోజులూ ఒక్క కెరటం దొరకలేదు. తెల్లగా నురగ కక్కుతూ వచ్చేదాని కోసం కాచుకుని, అది దగ్గరికి రాగానే గబగబా తెడ్డు వేసేవాణ్ణి. బల్ల ఒక్కసారిగా నిట్టనిలువునా లేచేది. రెక్క నీళ్లు దాటి బయటికొచ్చేది. గాలిలోకి వచ్చిన రెక్కకు బలం ఉండదు, మరుక్షణం బల్లా నేనూ కింద పడేవాళ్లం. పడేటప్పుడు బల్లకు దూరంగా, పక్కకు, వెడల్పుగా పడాలి. అంచు పదునుగా ఉండే ఆ రెక్క మీద పడకూడదు.

"పెద్దనాన్నా, నువ్వు అలను చూస్తున్నవ్. దాని ఎనక వచ్చేదాన్ని చూస్తలేవ్," అన్నాడు మావాడు.

తప్పెక్కడుందో నాలుగో రోజు, దగ్గర్లోని జాలర్ల పేట జోడుగుళ్లపాలెంలో తెలిసింది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. మరపడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి, వలలు బాగుచేసుకుంటున్నారు. ఇంజను లేని తెప్పలకు ఆ నిషేధం లేదు. తెప్ప మీద తెడ్డుతో కెరటాలు దాటుకుంటూ వచ్చిన ఒక పెద్దాయన ఒడ్డున కూర్చుని నా పాట్లు చూశాడట. "ఇరిగినదాని ఎనకాల ఎందుకు బాబూ, ఇరగబోయేదాన్ని సూడు," అన్నాడు. పెద్ద కెరటాలు వరసగా నాలుగైదు వస్తాయనీ, ఆ తర్వాత కాస్త తెరిపి ఉంటుందనీ, ఆ తెరిపిలోనే తెప్ప లోపలికి పోతుందనీ చెప్పాడు. నిలబడి తెడ్డు వేసే విద్య హవాయి నుంచి వచ్చిందని చదువుకున్నవాణ్ణి. మన జాలర్ల కాళ్లలో అది ఎప్పటినుంచో ఉంది.

విరిగిన కెరటం బల్లను నెట్టేస్తుంది. ఫాయిల్‌కు నెట్టుడు అక్కర్లేదు, నున్నగా నడిచి వస్తున్న నీటి వాలు చాలు. అడుగు ఎత్తు కూడా లేని మెత్తటి ఉబ్బు చాలు. దాన్ని ముందే గుర్తుపట్టి, అది రాకముందే దాని వేగానికి చేరువ కావాలి. నాలుగైదు గట్టి తెడ్లు. బల్ల తోక లేచినట్టు అనిపించగానే తెడ్డు ఆపి, బరువు ముందు పాదం మీద వేయాలి. భయానికి ఒళ్లు వెనక్కి వాలుతుంది. అక్కడే నేను పడిపోతూ వచ్చాను. వేగం రెట్టింపైతే రెక్క లేపే బలం నాలుగు రెట్లవుతుంది. వెనక్కి వాలితే ఆ బలం బల్లను ఆకాశానికి విసిరేస్తుంది. ముందు పాదంతో తొక్కిపట్టి, ఆ తర్వాత కొంచెం కొంచెంగా సడలించాలి.

మా అమ్మ కళ్లంలో ఎత్తుపీట మీద నిలబడి తూర్పార పట్టేది. గాలి లేనప్పుడు చేట కదిలించేది కాదు. దూరాన చింతచెట్టు ఆకు కదలగానే చేతులు పైకి లేచేవి. గాలి తనను తాకేదాకా ఆగితే ఆలస్యమైపోతుందని ఆమెకు తెలుసు. రుషికొండలో బల్ల మీద నిలబడి ఆ చేతులే తలచుకున్నాను.

ఐదో రోజు పొద్దున ఒక ఉబ్బు వచ్చింది. నురగ లేదు, చప్పుడు లేదు. నాలుగు తెడ్లు వేశాను, తోక లేచింది, ముందు పాదం తొక్కాను. బల్ల అడుగున తపతప చప్పుడు ఆగిపోయింది. నీటి శబ్దం పూర్తిగా పోయింది. మావాడు పన్నెండు సెకన్లు లెక్కపెట్టాడు. ఒడ్డున పెద్దాయన తెడ్డు పైకెత్తాడు.

వచ్చే మే నెలలో మళ్లీ వెళ్తున్నాను. చేవెళ్ల, మొయినాబాద్ పిల్లల్లో ఈత వచ్చినవాళ్లు, ఒక చలికాలం నిలకడ నీటిలో లైఫ్ జాకెట్ వేసుకుని తెడ్డు పట్టినవాళ్లు ఎవరైనా నాతో రావచ్చు. హెల్మెట్ నేనిస్తాను. కారులో రెండు చోట్లు ఖాళీ ఉన్నాయి.