బతుకమ్మకెక్కని పూలు

మాఘం కరిగి ఫాల్గుణం అడుగుపెట్టే వేళకు హైదరాబాద్ సరూర్‌నగర్‌లో కళ్లు మోదుగ కోసం వెతుకుతాయి. గుట్టలు పోయాయి, గుట్టలతోపాటే మోదుగలూ పోయాయి. ఇప్పుడు ఏ కాలనీ పార్కు మూలనో, కరెంటు తీగల కింద తలవంచుకున్న బాటిల్ బ్రష్ చెట్టు ఒళ్లంతా నిప్పు రాజేసుకుంటుంది. జాలువారే ప్రతి కొమ్మ చివరా ఒక ఎర్రని జ్వాల. గాలి తాకితే జ్వాలలన్నీ ఒక్కసారిగా ఊగుతాయి. వాకింగ్‌కు వచ్చినవారు నాలుగు చుట్లు తిరిగి వెళ్లిపోతారు. పిల్లలు ఆ మొదలునే వికెట్లుగా పెట్టుకుని ఆడుకుంటారు. తలెత్తి చూసేవారుండరు. ఇంత ఎర్రగా పూసి ఇంత ఒంటరిగా మిగిలిన చెట్టును నేను మరెక్కడా చూడలేదు.

దగ్గరికి వెళ్లి ఒక్క గుత్తిని అరచేతిలోకి తీసుకోండి. పూరేకులు లేకపోలేదు, కానీ అవి చిన్న పొలుసులు, ఎవరి కంటా పడకుండానే రాలిపోతాయి. అసలు అందమంతా కేసరాలదే. ఒక కాడ చుట్టూ వందలకొద్దీ ఎర్రని పోగులు నిక్కబొడుచుకుని నిలబడతాయి. ఒక్కొక్క పోగు కొసన పుప్పొడి నలుసు. అడుగున తేనె తడి. పొద్దు పొడవగానే నల్లని రెక్కల్లో నీలం దాచుకున్న తేనెపిట్ట వచ్చి, తలకిందులుగా వేలాడి, వంకర ముక్కును ఆ తడిలోకి దించుతుంది. ఈ కొమ్మకు పువ్వు ముగింపు కాదు. పూసిన గుత్తి కొసనుంచే మళ్లీ చిగురు బయలుదేరుతుంది. మరో జానెడు సాగి, పై ఏడు మళ్లీ పూస్తుంది. వెనక వదిలివచ్చిన చోట బూడిదరంగు కాయలు గాజుల వరసలా కొమ్మను చుట్టుకుని మిగులుతాయి. ఏ ఏడు ఎంత పూసిందో ఆ కొమ్మ మీదే రాసి ఉంటుంది.

ఆ కాయల దగ్గరే నా గుండె చెరువవుతుంది. ఏళ్లు గడిచినా అవి నోరు విప్పవు. పుట్టిన దేశమైన ఆస్ట్రేలియాలో వాటిది కార్చిచ్చుతో కుదిరిన ఒప్పందం. అడవి తగలబడిపోయాక, తల్లిచెట్టు మాడిపోయాక, ఆ వేడికి కాయ పగిలి, ధూళి వంటి విత్తనాలు వెచ్చని బూడిద మీద రాలతాయి. చావు తలుపు తట్టినప్పుడే పుట్టుక తలుపు తీస్తుంది. ఇక్కడ ఆ నిప్పు రాదు. వచ్చేది కత్తి. తీగలకు అడ్డమని ఏడాదికోసారి కొమ్మలు నరికి రోడ్డు పక్కన పడేస్తారు. నరికిన కొమ్మ ఎండకు ఎండుతుంది. ఎండిన కొమ్మ మీది కాయలు, తాము ఎదురుచూసిన ఘడియ ఇదే అనుకుని, ఏళ్లనాటి మౌనం వీడి విచ్చుకుంటాయి. గుప్పెడు విత్తనాలు జలజలా రాలతాయి. రాలేది సిమెంటు పలకల మీద. తెల్లారగానే చీపురు వస్తుంది. ఎన్ని ఏళ్ల నిరీక్షణ, ఎంత గట్టిగా మూసిన గుప్పిలి, ఎలాంటి నేల మీద విప్పావమ్మా!

ఒక్క బాటిల్ బ్రషే కాదు. ఆ గడ్డ నుంచి వచ్చిన బంధుగణం మన చుట్టూ చాలానే ఉంది. నునుపైన బెరడు పొరలు పొరలుగా ఒలుచుకుని, వెన్నెల్లో పాలరాతి స్తంభంలా నిలబడే జామాయిల్. గాలి లేని వేళ కూడా సముద్రాన్ని తలచుకుని హోరుమనే సర్వి. వేసవి మొదట్లో నారింజ బంగారాన్ని దువ్వెన పళ్లలా పేర్చుకునే సిల్వర్ ఓక్. కొడవలి వంపు తిరిగిన ఆకులతో ఆస్ట్రేలియా తుమ్మ. నిజానికి అవి ఆకులు కావు, ఆకు కాడలే వెడల్పై ఆకుల పని చేస్తున్నాయి. జామాయిల్ మొగ్గకు కోసుగా ఒక టోపీ ఉంటుంది. పూసే ఘడియకు ఆ టోపీ ఊడి రాలుతుంది. లోపల చుట్ట చుట్టుకున్న తెల్లని కేసరాలు ఒక్క విసురుతో విచ్చుకుంటాయి. రాలిన టోపీలు చెట్టు కింద వందలుగా పడి ఉంటాయి. వాటిని తొక్కుకుంటూ నడుస్తాం. తలపైన జరిగిన పండుగ మనకు తెలియదు.

ఎలా వచ్చాయివి? 1790 ప్రాంతంలో టిప్పు సుల్తాన్ నంది కొండల మీది తన తోటలో జామాయిల్ జాతులను నాటించాడంటారు. 1843లో నీలగిరి కొండల్లో ఇంగ్లీషువారు నాటారు. పందొమ్మిదో శతాబ్దంలోనే రైలింజన్లకు కట్టెలు కావాలని మద్రాసు తీరం ఇసుకలో సర్వి తోటలు వేశారు. అరకు లోయలో కాఫీ మొక్కకు గొడుగు పట్టడానికి, మిరియం తీగకు భుజమివ్వడానికి సిల్వర్ ఓక్‌ను పిలిచారు. భద్రాచలం దగ్గర సారపాకలో కాగితం మిల్లు వచ్చాక జామాయిల్ రైతు పంటైంది. ఒకే తల్లి ముక్కల నుంచి తీసిన మొక్కలు గీత గీసినట్టు వరసలుగా లేచాయి. పిలిచిన ప్రతివారికీ ఒక పని ఉంది. నేల దొరికి, వయసు దక్కితే వందల ఏళ్లు బతికే జాతిని నాలుగేళ్లకే నరికి టన్నుల్లో తూచాం. ఆ తూకంలో పువ్వుకు బరువు లేదు.

ఎల్‌బీనగర్ చుట్టూ లేచిన మేడలను ఒక్కసారి తలచుకోండి. ప్రతి స్లాబూ ఆరేదాకా దాన్ని భుజాన మోసినవి ఈ చెట్ల కర్రలే. బెరడు ఒలిచి, మేకులు దిగి, సిమెంటు మరకలు పడ్డ సెంట్రింగ్ కర్రలు. గృహప్రవేశం నాటికి వాటి జాడ ఉండదు. గుమ్మానికి మావిడాకులు కడతాం. ఇంటిని మోసిన చెట్టు పేరు ఎవరూ అడగరు. దిల్‌సుఖ్‌నగర్ గల్లీల్లో కోచింగ్ సెంటర్ల ముందు గుట్టలుగా పేర్చిన పుస్తకాల్లో ఏ జామాయిల్ తోట గుజ్జు ఉందో ఎవరికి తెలుసు! ఆ పేజీల మీద తల వాల్చి నిద్రపోయిన పిల్లలు ఎందరో.

ఆ పిల్లల్లో కొందరు ఇప్పుడు మెల్‌బోర్న్‌లో ఉన్నారు, సిడ్నీలో ఉన్నారు. చెట్లు అక్కడి నుంచి ఇక్కడికి వచ్చాయి. పిల్లలు ఇక్కడి నుంచి అక్కడికి వెళ్లారు. అక్కడ ఆ చెట్లకు గౌరవం ఉంది. కాన్‌బెరాలో 1970లో తెరిచిన జాతీయ వృక్షోద్యానం పూర్తిగా ఆ దేశపు మొక్కలదే. మెల్‌బోర్న్ దగ్గర క్రాన్‌బర్న్‌లో 2006లో వాటికోసమే ఇంకో తోట తెరిచారు. ప్రతి పొదకూ పేరు రాసిన పలక ఉంటుంది. అక్కడ వసంతం సెప్టెంబరులో మొదలవుతుంది. ఆ రోజుల్లో రంగురంగుల లోరికీట్ చిలుకలు కుంచె వంటి నాలుకలతో పూలను నాకుతాయి. మనకు తెలియని తేనెపక్షుల జాతి ఒకటి అక్కడ కొమ్మ కొమ్మనా కొట్లాడుతుంది. రాత్రయితే గబ్బిలాలు దిగుతాయి. జామాయిల్ ఆకు మీదే ఎక్కువగా బతికే కోలా కొమ్మ చీలికలో కునుకు తీస్తుంది. ఇక్కడికి వచ్చేటప్పుడు ఆ చుట్టాలెవరూ వెంట రాలేదు. వెలివేసినట్టు ఒంటరిగా దిగిన చెట్టు, తన పంచాంగాన్నే మార్చుకుంది. అక్కడి వసంతాన్ని వదిలేసి మన ఫాల్గుణాన్ని నేర్చుకుంది. మన తేనెపిట్టకు, మన తేనెటీగకు, మన గబ్బిలానికి కూటి గిన్నె నింపింది. ఇంతకంటే ఒక కొత్త కోడలు ఏం చేయగలదు?

అయినా మనం దగ్గరికి తీసుకోలేదు. భాద్రపద అమావాస్య రాగానే తంగేడు, గునుగు, బంతి, కట్లపూలు తాంబాళంలోకెక్కుతాయి. ఆ రోజుల్లోనే ఆస్ట్రేలియా తుమ్మ వేలి పొడవున పసుపు పూత పూస్తుంది. తంగేడుకు ఏమాత్రం తీసిపోని పసుపు. ఆడపడుచులు దాని కింది నుంచే బతుకమ్మలను ఎత్తుకుని చెరువుకు వెళతారు. ఒక్క రెమ్మా తెంపరు. తంగేడు మీద నాకు పేచీ లేదు. అది ఈ నేల కన్న బిడ్డ, బతుకమ్మ శిఖరం దానిదే. కానీ పూసిన ప్రతి పువ్వూ ఏదో ఒక చేతికి అందాలని ఆశపడుతుందేమోనని, ఆ పసుపు దారిలో రాలి కాళ్ల కింద నలుగుతుంటే మనసు కలుక్కుమంటుంది.

పైగా నింద ఒకటి. నేలలో నీళ్లన్నీ తాగేస్తుందని జామాయిల్ మీద నేరం మోపారు. ఆ మాటలో నిజం ఉంది. వాన తక్కువైన నేలలో, ఒకే జాతిని వరసలుగా కిక్కిరిసి నాటితే ఊటలు తగ్గుతాయి, కింద పచ్చిక ఎదగదు, పక్షులు గూళ్లు కట్టవు. 2017లో కర్ణాటక ప్రభుత్వం కొత్తగా నాటడాన్నే ఆపేసింది. ఆ ఆవేదన న్యాయమైనదే. కానీ దాహం చెట్టుది; వరసలు గీసిన చెయ్యి మనది. ఎక్కడ నాటాలో, ఎన్ని నాటాలో చెట్టు మనల్ని అడిగిందా?

సరూర్‌నగర్ చెరువు కట్ట మీద నిలబడితే ఈ ప్రశ్న ఇంకా గట్టిగా తగులుతుంది. 1626లో కుతుబ్‌షాహీల కాలంలో తవ్విన చెరువు ఇది. పైర్లకు నీళ్లిచ్చింది. దీని నీళ్లు ఏ జామాయిల్ వేరు తాగింది? వచ్చే వాగులను మనం మూసేశాం. అలుగు దారిలో ఇళ్లు కట్టాం. మురుగును నింపాం, నిమజ్జనం బొమ్మలను నింపాం. 2020 అక్టోబరులో ఒక రాత్రి వాన కురిస్తే, చెరువు తన పాత చోటును వెతుక్కుంటూ చుట్టుపక్కల కాలనీల ఇళ్లలోకి నడిచి వచ్చింది. రోజుల తరబడి పడవల మీద అన్నం పొట్లాలు పంచుకున్నాం. ఆనాడు నడుములోతు నీళ్లలో నిలబడ్డ చెట్లకు ఏ పాపమూ తెలియదు.

ఈ చెట్లను పరాయివంటారు. భూమికి ఆ మాట తెలుసా? సింగరేణి బొగ్గు పొరల్లో గ్లాసాప్టెరిస్ అనే ఆకు అచ్చు దొరుకుతుంది. 25 కోట్ల ఏళ్లు దాటిన ఆకు. అదే ఆకు ఆస్ట్రేలియా బొగ్గు పొరల్లోనూ దొరుకుతుంది. ఒకనాడు ఆ నేలా ఈ నేలా ఒకటే. ఒకే అడవి రాల్చిన ఆకులు రెండు దేశాల గనుల్లో నిద్రపోతున్నాయి.

ఈ ఊరికి ఆదరించడం రాదని నేననను. చైతన్యపురి దాటాక మెట్రో స్టేషన్ ఒకటి విక్టోరియా మెమోరియల్ పేరుతో ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఇక్కడ కట్టించుకున్న మహలును, విక్టోరియా రాణి చనిపోయాక ఆమె జ్ఞాపకంగా, తల్లిదండ్రులు లేని పిల్లలకు ఇచ్చేశాడు. రాజు తన ఇంటినే దిక్కులేని పిల్లలకు వదిలిన గడ్డ ఇది. వనస్థలిపురం దగ్గర ఆ రాజుల వేట అడవే 1975లో హరిణ వనస్థలిగా మారింది. బాణానికి, తుపాకికి గురైన కృష్ణజింకలు అక్కడ వాహనాల హోరు పక్కనే పచ్చిక మేస్తున్నాయి. అనాథ పిల్లలకు మహలు, వేటాడిన జింకలకు అడవి దక్కిన చోట, పిలిచి తెచ్చుకున్న చెట్లకు ఒక చల్లని చూపు దక్కలేదే!

కొత్తగా జామాయిల్ నాటమని నేను అడగను. చెరువు కట్టల మీద, వాగు దారుల్లో మన మద్దులు, కానుగలు రావాలి. గుట్టల మీద మోదుగ మళ్లీ రావాలి. ఉన్న నాలుగు ముసలి చెట్లను మాత్రం వాటి ఆయుష్షు నిండేదాకా ఉండనివ్వండి. తీగల కింద కొమ్మలు కొట్టాల్సి వస్తే పూత రాలేదాకా ఆగండి. పార్కులో ప్రతి చెట్టుకూ ఒక పలక కట్టండి: పేరేమిటి, ఏ దేశం నుంచి వచ్చింది, ఏ నెలలో పూస్తుంది. కొండాపూర్‌లో కోట్ల విజయభాస్కర రెడ్డి పేరిట వృక్షోద్యానం ఉంది. మనకు అది నగరానికి ఆ చివర. ఈ చివర పిల్లలకు వీధి చెట్లే ఉద్యానం. బడి నుంచి వచ్చే పిల్ల ఒక్కరోజు ఆగి, ఆ పలక చదివి, తలెత్తి పువ్వును చూడాలి. చూసిన పువ్వును ఏ పిల్లా మరచిపోదు. రేపు పెద్దదై నరకమని సంతకం పెట్టాల్సి వస్తే, ఆ పిల్ల చెయ్యి తప్పకుండా ఆగుతుంది.