బూడిదలో ఏరు

అంట్లు తోమే బూడిదకు కళాచరిత్రలో చోటుంటుందని నాకెప్పుడూ తోచలేదు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో క్యాథరిన్ ప్లెడెల్-బూవరీ (1895–1985) కుండ ముందు నిలబడితే నాకు గుర్తొచ్చింది మా అమ్మ, పెరట్లో బూడిద తట్ట.

1924లో ఆమె సెయింట్ ఐవ్స్‌లో బెర్నార్డ్ లీచ్ దగ్గర పని నేర్చుకుంది. తర్వాత కోల్స్‌హిల్‌లో, కోల్ నది ఒడ్డున మిల్లు దగ్గర సొంత ఆవం పెట్టుకుంది. 1928లో నోరా బ్రేడెన్ వచ్చి కలిసింది. ఈ ఇద్దరినీ ‘లీచ్ శిష్యురాళ్ళు’ అని ఒక్క ముక్కలో తేల్చేయడం చాలామందికి అలవాటు. వాళ్ళు చేసింది మాత్రం చిన్న పని కాదు. ఏ చెట్టుకా చెట్టు, ఏ గడ్డికా గడ్డి విడిగా కాల్చి, బూడిద జల్లించి, ఫెల్డ్‌స్పార్‌తో, మట్టితో కలిపి పూసి, ఫలితం రాసి పెట్టుకున్నారు. కట్టె బూడిదలో సున్నం ఎక్కువ, అది కరిగి జారుతుంది. రెల్లు నీటిలో కరిగిన సిలికాను పీల్చి కాడలో, ఆకులో దాచుకుంటుంది. అందుకే దాని బూడిద పాలపొర లాంటి పూతనిస్తుంది. అంటే ఆ కుండ మీద ఉన్నది ఏటి బొమ్మ కాదు. ఏరు రెల్లుకు తాగించినదే 1200 డిగ్రీలు దాటిన వేడిలో గాజై నిలిచింది.

ఇంతమాత్రాన దీన్ని పర్యావరణ కళ అని మురిసిపోలేను. ఆ ఆవం కట్టెలు మింగేది. కట్టెలూ రెల్లూ ఆమె కుటుంబపు ఎస్టేటువే. ఒక్కో చెట్టును విడిగా కాల్చి చూసే తీరిక మా అమ్మకెక్కడిది? మన దేశంలో చాలాచోట్ల కుమ్మరి స్త్రీ మట్టి తొక్కుతుంది, పిసుకుతుంది, సారె మాత్రం ముట్టకూడదు. అయినా ఆ తీరికను ఆమె ఊరికే పోనివ్వలేదన్నది నిజం. కడగని బూడిదనీళ్ళు చేతుల్ని ఎలా తినేస్తాయో అంట్లు తోమినవాళ్ళకు తెలుసు. (మ్యూజియం చీటీల్లో చేతుల సంగతి ఉండదు.)

బ్రేడెన్ తనకు నచ్చని కుండలు పగలగొట్టేసేదట. అందుకే ఆమెవి మిగిలినవి తక్కువ. తన కుండలు చూస్తే చైనా కుండలు కాదు, గులకరాళ్ళూ గవ్వలూ పక్షిగుడ్లూ గుర్తు రావాలని ప్లెడెల్-బూవరీ కోరుకుంది. నాకవి గుర్తు రాలేదు. పూత జారి, అడుగుకు కాస్త పైన ఆగిపోయిన చోటే చూస్తూ ఉండిపోయాను. అద్దం అడ్డు లేకపోతే అక్కడ వేలు పెట్టి చూసేదాన్ని.