తోలుబొమ్మకు ఫ్రేమెందుకు?

సర్కారు ఆఫీసు మెట్లెక్కుతుంటే గాజు ఫ్రేములో బిగించిన తోలుబొమ్మ కనిపిస్తుంది. ముందు ట్యూబ్‌లైటు, వెనక గోడ. సీతైనా రావణుడైనా ఒకేలా మసకబారి ఉంటారు. నాకైతే ఒళ్లు మండుతుంది.

తోలుబొమ్మలు చేసే ఊరు, ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట 2022లో శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది గానీ, మా నోట ఇప్పటికీ అనంతపురం ఊరే. అక్కడి పని దగ్గర కాసేపు కూర్చుంటే ఆ బొమ్మ గోడ కోసం పుట్టలేదని తెలుస్తుంది. మేకతోలును వెంట్రుక పోయేదాకా గీకి, సాగదీసి ఆరబెడితే వెలుతురు అవతలికి పారుతుంది. రంగు రెండు వైపులా వేస్తారు. నగలున్న చోటల్లా ఉలితో సన్నటి చిల్లులు పొడుస్తారు. వెనక దీపం పెడితే ఆ చిల్లులే రవ్వల్లా మెరుస్తాయి. భుజం, మోచేయి విడిగా కోసి దారంతో ముడేస్తారు. నిలువెత్తు బొమ్మకు ఒక్క తోలు చాలదు, ముక్కలు కలుపుకుంటూ పోవాల్సిందే. నడుమ నిలువుగా కట్టిన బద్ద ఆ బరువంతా మోస్తుంది. కీళ్లు, తేలిక, బరువు మోసే నడిమి బద్ద: ఆఫీసు కప్పు నుంచి వేలాడే శిల్పానికి ఇంకేం కావాలి?

అమెరికా శిల్పి అలెగ్జాండర్ కాల్డర్ పెద్ద మొబైల్ (గాలికి కదిలే వేలాడే శిల్పం) 1977లో వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీ ఈస్ట్ బిల్డింగ్‌లో వేలాడింది. ఉక్కుతో చేస్తే గాలికి కదలనంత బరువవుతుందని అల్యూమినియానికి మార్చారు. అయినా 400 కిలోలు దాటింది. మేకతోలుకు ఆ బెంగ లేదు. దాని శత్రువులు వేరు. తేమ తగిలితే వంకర్లు పోతుంది, నేరుగా ఎండ పడితే రంగు వెలుస్తుంది. ఎండ సంగతి కిటికీ పెట్టే దిక్కుతో తేలుతుంది. తేమ విషయంలో మా పొడిగాలే కాపలా. (కరువు మాకు చేసిన మేలు ఇదొక్కటే కాబోలు.)

నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. సంతోషమే. సర్కారు బిల్డింగు ప్లాను గీసే రోజున మాత్రం ఆ ఊరివాళ్లను పిలిచారని నేనెక్కడా వినలేదు. శ్లాబు పోయకముందే కొక్కేలు ఎక్కడ దించాలో, వెనక వెలుతురు ఏ వైపు నుంచి రావాలో, అరిగిన దారాలు మార్చడానికి బొమ్మను కిందికి దింపే కప్పీ ఎక్కడుండాలో వాళ్లతో కూర్చుని తేల్చుకోవాలి. కూలి కూడా అప్పుడే మాట్లాడుకోవాలి. ప్రారంభోత్సవానికి వారం ముందు ఫోన్ చేసి ‘ఒక బొమ్మ పంపించు’ అంటే గాజు ఫ్రేమే గతి.