ఉపకార వేతనము: ఎంపిక ఏ వయస్సున?

ప్రతిభ అందరిలోను ఒకే వయస్సున బయటపడదు. ఉపకార వేతన పథకముల మంచిచెడ్డలను ఈ సత్యముతో తూచి చూడవలెను.

భారత ప్రభుత్వ శాస్త్ర సాంకేతిక విభాగము 2008లో ప్రారంభించిన ‘ఇన్‌స్పైర్’ పథకము, మౌలిక శాస్త్రములు చదువు విద్యార్థులకు బి.ఎస్‌సి. మొదలు ఎం.ఎస్‌సి. ముగియువరకు ఏటా 80,000 రూపాయలు నిర్ణయించినది. అందులో 20,000 రూపాయలను వేసవి పరిశోధనాభ్యాసమునకు ప్రత్యేకించుట మెచ్చదగినది. పుస్తకమునకు, ప్రయోగశాలకు నడుమనున్న దూరమును అది తగ్గించును.

కాని ఎంపికకు ఆధారము ఇంటర్మీడియట్ నాటి ప్రతిభయే. బోర్డు పరీక్షలో మొదటి 1 శాతములో నిలువవలెను, లేదా ఐ.ఐ.టి. ప్రవేశపరీక్ష వంటివానిలో మంచి ర్యాంకు పొందవలెను. డిగ్రీలో ప్రయోగములు చేయుచు వికసించిన విద్యార్థికి ఈ ద్వారము తెరచుకొనదు.

ఎం.ఎస్‌సి. తరువాత ‘నెట్’ నెగ్గి జె.ఆర్.ఎఫ్. పొందినవారి వేతనము 2023లో నెలకు 37,000 రూపాయలకు పెరిగినది. పేద విద్యార్థి అంతవరకు చేరుట యెట్లు? విశ్వవిద్యాలయ గ్రాంట్ల కమిషన్ 2023లో తెచ్చిన పథకము, డిగ్రీ మార్కులనుబట్టి, ఏడాదికి పది నెలలపాటు నెలకు 15,000 రూపాయల చొప్పున ఇచ్చుచు ఈ లోటును కొంత పూడ్చినది. అయితే అందులోని స్థానములు దేశమంతటికిని 10,000 మాత్రమే.

ఇన్‌స్పైర్‌లోను కొన్ని స్థానములను డిగ్రీ ఫలితములకు కేటాయించుట న్యాయము. అంతవరకు ఈ రెండు ద్వారములను గూర్చి ఉపాధ్యాయులు ఉన్నత పాఠశాలలోనే తెలుపవలెను. మొదటిది తప్పినవారు రెండవదానికై సిద్ధపడగలరు.