నాలుగు ప్లాట్ల తీర్పు: పరికల్పన పరీక్షల అభ్యాసంపై ఒక విమర్శ

1. ఈ వ్యాసం ఎందుకు?

పరికల్పన పరీక్షల మీద మీరు ఇప్పటికే కొన్ని లెక్కలు చేసి ఉంటారు. బల్బుల సగటు జీవితకాలం, సిమెంటు సంచి బరువు, విద్యార్థుల ఎత్తు, ఇలా ఉంటాయి ఆ లెక్కలు. విషయం ఏదైనా అడుగులు ఒకటే. శూన్య పరికల్పన రాస్తాం, టి విలువ కడతాం, పట్టికలోని విలువతో పోలుస్తాం. చివర "కాబట్టి శూన్య పరికల్పనను అంగీకరిస్తున్నాం" అని రాసి కింద గీత గీస్తాం. మార్కులు కూడా వస్తాయి.

ఈ అడుగులు తప్పని నేను అనడం లేదు. అయితే ఇలాంటి అభ్యాసాలు మూడు ప్రశ్నలను విద్యార్థి కంటపడనీయవు. ఇచ్చిన అంకెలు ఎలా సేకరించారు? శూన్య పరికల్పనగా దేన్ని పెట్టాలో ఎవరు నిర్ణయించారు? నిర్ణయం తప్పయితే నష్టపోయేది ఎవరు? బల్బుల లెక్కలో ఈ ప్రశ్నలు లేకపోయినా మనకు లోటు తెలియదు. గుత్తి పరిసరాల్లోని ఒక బుడ్డల చేనులో నిలబడి అదే లెక్క చేస్తే లోటు వెంటనే తెలుస్తుంది.

2. లెక్క పుట్టే చోటు

అనంతపురం జిల్లా సాధారణ వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. అది కూడా సమంగా కురవదు. ఊరికి ఒక పక్క పదును వాన పడితే మరో పక్క దుమ్ము లేస్తుంది. గుత్తి వైపు ఎర్ర నేలలూ ఉన్నాయి, నల్లరేగడీ ఉంది. విత్తిన తేదీల్లో వారం పది రోజుల తేడా ఉంటుంది. అందువల్ల ఒకే గ్రామంలో ఒక చేను నిండా కాయ పట్టవచ్చు, పక్క చేనులో కట్టె మాత్రమే మిగలవచ్చు. మన శాస్త్రంలో దీనికి పేరు విచలనం. కరువు ప్రాంతంలో సగటు తక్కువగా ఉండటమే కాదు, విచలనం ఎక్కువగా ఉంటుంది. ఈ రెండో సంగతి మరవకండి.

గ్రామం సగటు దిగుబడిని అంచనా వేయడానికి పంట కోత ప్రయోగాలు చేస్తారు. యాదృచ్ఛికంగా ఎన్నుకున్న పొలంలో సాధారణంగా 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు గల ప్లాటు గుర్తించి, కోసి, తూకం వేస్తారు. ఆ ప్లాటు వైశాల్యం 25 చదరపు మీటర్లు, అంటే హెక్టారులో 400వ వంతు. 2016 ఖరీఫ్‌లో మొదలైన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన మార్గదర్శకాల ప్రకారం, ప్రధాన పంటకు గ్రామ పంచాయతీ యూనిట్‌గా ఉన్నప్పుడు కనీసం 4 ప్రయోగాలు చేయాలి. వాటి సగటు ముందే నిర్ణయించిన హామీ దిగుబడి కన్నా తగ్గితే, తగ్గిన నిష్పత్తిలో యూనిట్‌లోని బీమా రైతులందరికీ పరిహారం వస్తుంది. మన రాష్ట్రంలో పథకాల పేర్లు మారాయి. ఏ పంటకు దిగుబడి ఆధారం, ఏ పంటకు వాతావరణం ఆధారం అన్నదీ మారుతూ వచ్చింది. దిగుబడి ఆధారంగా బీమా ఉన్న ప్రతిచోటా కింది లెక్క వర్తిస్తుంది.

3. లెక్క చేద్దాం

ఈ అంకెలు అభ్యాసం కోసం నేను కల్పించినవి. ఒక గ్రామంలో నాలుగు ప్లాట్లలో ఎండిన కాయ బరువు 1.1, 1.9, 0.8, 1.8 కిలోలు. హామీ దిగుబడి హెక్టారుకు 640 కిలోలు.

సగటు 1.4 కిలోలు. 400తో గుణిస్తే హెక్టారుకు 560 కిలోలు. విచలనాల వర్గాల మొత్తం 0.86. దాన్ని 3తో భాగించి వర్గమూలం తీస్తే ప్రామాణిక విచలనం 0.535 కిలోలు, అంటే హెక్టారుకు 214 కిలోలు. 4 వర్గమూలం 2 కనుక ప్రామాణిక దోషం 107 కిలోలు.

పథకం నిబంధన పరీక్ష ఏదీ చేయదు, సగటును నేరుగా పోలుస్తుంది. 640లో 80 తగ్గింది, అంటే 12.5 శాతం. బీమా మొత్తం హెక్టారుకు 40,000 రూపాయలైతే పరిహారం 5,000 రూపాయలు.

ఇప్పుడు 0.8 కిలోల ప్లాటుకు బదులు 1.8 కిలోలు వచ్చే మరో ప్లాటు ఎన్నికై ఉంటే ఏమయ్యేదో చూడండి. సగటు 660 కిలోలు అవుతుంది. హామీ దిగుబడి దాటింది కనుక పరిహారం సున్నా. ఒక ప్లాటులో ఒక కిలో కాయ తేడాతో గ్రామం మొత్తం పరిహారం పోయింది. మొదటి లెక్కలోనూ రెండో లెక్కలోనూ కూడికలు సరిగానే ఉన్నాయి. ఉన్న సమాచారం అంత తీర్పును మోయలేనంత పలచనిది, అసలు లోపం అక్కడే ఉంది.

4. శూన్య పరికల్పన ఎవరి పక్షం?

మొదటి అంకెలకే పరీక్ష వర్తింపజేద్దాం. శూన్య పరికల్పన "గ్రామ సగటు 640 లేదా అంతకన్నా ఎక్కువ", ప్రత్యామ్నాయం "640 కన్నా తక్కువ" అనుకోండి. టి విలువ మైనస్ 80ని 107తో భాగించగా వచ్చే మైనస్ 0.75. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 3, సార్థకతా స్థాయి 5 శాతం, ఒక వైపు పరీక్ష అయితే పట్టిక విలువ మైనస్ 2.353. మన విలువ అంత దూరం పోలేదు కనుక శూన్య పరికల్పనను తిరస్కరించలేం. అలవాటు ప్రకారం "అంగీకరిస్తున్నాం, అంటే నష్టం లేదు" అని రాసేస్తాం.

ఇప్పుడు పరికల్పనలను తారుమారు చేయండి. శూన్య పరికల్పన "గ్రామ సగటు 640 లేదా అంతకన్నా తక్కువ". దీన్ని తిరస్కరించాలంటే టి విలువ ప్లస్ 2.353 దాటాలి. మన విలువ మైనస్‌లోనే ఉంది, కనుక దీన్నీ తిరస్కరించలేం. అదే అలవాటుతో "అంగీకరిస్తున్నాం, అంటే నష్టం ఉంది" అని రాయాలి.

అవే నాలుగు ప్లాట్లు ఒకసారి నష్టం లేదన్నాయి, మరోసారి ఉందన్నాయి. ఇది శాస్త్రంలోని వైరుధ్యం కాదు, "అంగీకరిస్తున్నాం" అనే మాటలోని దోషం. తిరస్కరించలేకపోవడం అంటే తగిన ఆధారం దొరకలేదని మాత్రమే. మొదటి అమరికలో నష్టాన్ని నిరూపించే భారం రైతు మీద పడింది. రెండో అమరికలో నష్టం లేదని నిరూపించే భారం బీమా సంస్థ మీద పడింది. సమాచారం తక్కువైన కొద్దీ భారం మోసేవాడే ఓడుతాడు. కాబట్టి శూన్య పరికల్పన ఎంపికను లాంఛనంగా తీసుకోకండి. మొదటి రకం దోషం ఎవరికి నష్టం, రెండవ రకం దోషం ఎవరికి నష్టం అని ముందు అడిగి, ఆ తరువాత రాయండి.

5. విశ్వాస అంతరం ఏం చెబుతుంది?

3 డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌కు 95 శాతం టి విలువ 3.182. దాన్ని 107తో గుణిస్తే 341. విశ్వాస అంతరం 219 నుంచి 901 కిలోల వరకు వస్తుంది. 219 అంటే దాదాపు పంట పోయినట్టే. 901 అంటే హామీ దిగుబడి కన్నా బాగా ఎక్కువ. ఈ ఒక్క వాక్యం పై రెండు పరీక్షల కన్నా నిజాయితీగా ఉంది. మనకు తెలిసింది ఎంత కొంచెమో అది దాచదు. అందుకే పరీక్ష ఫలితం రాసిన ప్రతిచోటా విశ్వాస అంతరం కూడా రాయమని నా సలహా.

అదే విచలనంతో 16 ప్లాట్లు కోస్తే ప్రామాణిక దోషం సగమై 53.5 అవుతుంది. టి విలువ కూడా 2.131కి దిగుతుంది. అంతరం 446 నుంచి 674. ప్లాట్లు నాలుగింతలైతే అటూ ఇటూ ఉన్న వెడల్పు మూడో వంతుకు తగ్గింది. అయినా 640 ఇంకా లోపలే ఉంది. నిజమైన లోటు 80 కిలోలే అయితే దాన్ని 100కు 80 సార్లు పట్టుకోవడానికి, 5 శాతం ఒక వైపు పరీక్షలో సుమారు 45 ప్లాట్లు కావాలి. ఒక గ్రామంలో కోతలు కొద్ది రోజుల్లో ముగుస్తాయి. అన్ని ప్రయోగాలు చేసే సిబ్బంది ఉండరు. మండలాన్ని యూనిట్ చేస్తే ప్లాట్లు పెరుగుతాయి, కానీ ఎండిన ఊరు, పండిన ఊరు కలిసిపోతాయి. ఈ చిక్కు సూత్రంతో తీరదు. ఎంత అనిశ్చితిని ఎవరు భరించాలో విధానం తేల్చాలి.

మరో హెచ్చరిక. "గ్రామ సగటు ఈ అంతరంలో ఉండే సంభావ్యత 95 శాతం" అని రాయకండి. గ్రామ సగటు స్థిరమైనది, శాంపిల్‌ను బట్టి మారేది అంతరం. 1930లలో నేమన్ ఇచ్చిన అర్థం ఇది: ఈ పద్ధతిలో పదే పదే శాంపిల్స్ తీస్తే, వచ్చే అంతరాల్లో 95 శాతం అసలు సగటును పట్టుకుంటాయి.

6. అంతరానికి కనిపించనిది

టి పంపిణీ కూడా చిన్న శాంపిల్స్ అవసరం నుంచే పుట్టింది. డబ్లిన్‌లోని గిన్నెస్ బీరు కంపెనీలో పనిచేసిన గాసెట్ 1908లో "స్టూడెంట్" అనే పేరుతో దాన్ని ప్రచురించాడు. బార్లీ వంటి ముడిసరుకుల మీద కొద్దిపాటి పరిశీలనలతోనే నిర్ణయం తీసుకోవలసిన చోటు అది. కనుక నాలుగు పరిశీలనలకు టి వాడటం తప్పు కాదు. కానీ శాంపిల్ యాదృచ్ఛికం అనే షరతు నెరవేరాలి. దారి పక్కన ఉందని ఒక పొలాన్ని ఎన్నుకుంటే ఆ షరతు పోయింది.

1940లలో సుఖాత్మే మన దేశపు పంట కోతలను పరిశీలించి, ప్లాటు బాగా చిన్నదైతే దిగుబడి అంచనా అసలు కన్నా పెరుగుతుందని చూపాడు. అంచు మీది మొక్కలను లోపల చేర్చే వాలు మనిషికి సహజం. ప్లాటు చిన్నదైతే వైశాల్యంతో పోలిస్తే అంచు ఎక్కువ. ఇలాంటి పక్షపాత దోషం ప్రామాణిక దోషంలో కనిపించదు. ప్లాట్లు పెంచినా పోదు, తప్పు చోటు చుట్టూ అంతరం ఇంకా ఇరుకవుతుంది. మన పుస్తకాల లెక్కలు "ఒక యాదృచ్ఛిక శాంపిల్ ఇవ్వబడింది" అని మొదలై ఈ భాగాన్ని దాటవేస్తాయి. చేనులో అసలు పని మొదలయ్యేది ఆ వాక్యం దగ్గరే.

7. జవాబు ఎలా రాయాలి?

పై లెక్కకు నేను ఆశించే ముగింపు ఇది: "నాలుగు ప్లాట్ల ఆధారంగా గ్రామ సగటు అంచనా హెక్టారుకు 560 కిలోలు, 95 శాతం విశ్వాస అంతరం 219 నుంచి 901. సగటు 640 కన్నా తక్కువ అనడానికీ ఎక్కువ అనడానికీ ఈ సమాచారం చాలదు. పొలాల ఎంపిక యాదృచ్ఛికమైతేనే ఈ మాట వర్తిస్తుంది."

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 0.8కి బదులు 1.8 కిలోలు తీసుకుని విశ్వాస అంతరం కట్టండి. అది 640ని కలిగి ఉందా? పరిహారం సున్నా అన్న నిర్ణయంతో దాన్ని పోల్చండి.
2. మీ పాఠంలోని ఏదైనా ఒక పరికల్పన లెక్క తీసుకుని, అందులో ఒక్కో రకం దోషం వల్ల ఎవరు నష్టపోతారో రెండు వాక్యాల్లో రాయండి.
3. మీ ఊరి సర్వే నంబర్ల నుంచి యాదృచ్ఛిక సంఖ్యల పట్టికతో నాలుగు పొలాలు ఎన్నుకోండి. వాటిలో దారి పక్కన ఉన్నవి ఎన్ని?