మళ్లీ అదే మొక్క దగ్గరికి

"శేషాచలంలో ఎర్రచందనం చెట్లు మొత్తం ఎన్నుంటాయి సార్?" నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. పత్రికల వాళ్లు అడుగుతారు, పెళ్లి భోజనాల్లో పక్కన కూర్చున్న బంధువులూ అడుగుతారు. ఒక అంకె చెబితే విషయం తేలిపోతుందని వాళ్ల నమ్మకం. వృక్షశాస్త్రం చదివి ఆ కొండల్లో తిరిగేవాడిగా నాకు ఆ అంకె కన్నా వేరే సంగతులు ముఖ్యం. పోయినసారి చూసిన చెట్టు ఇప్పుడుందా? ఎంత లావెక్కింది? దాని కింద మొలిచినవాటిలో బతికి బట్టకట్టినవెన్ని? వీటికి జవాబు కావాలంటే అడవికి ఒకసారి వెళ్లొస్తే చాలదు. అదే చెట్టు దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్లాలి.

ఎక్కడ లెక్కపెట్టాలన్నది మొదటి చిక్కు. కాళ్లు ఎప్పుడూ బాట వెంట నడుస్తాయి, కళ్లు ఎప్పుడూ పెద్ద చెట్టు మీదే పడతాయి. అందుకని చోటును మన ఇష్టానికి వదలకూడదు. ఇంట్లో మ్యాపు ముందు కూర్చున్నప్పుడే యాదృచ్ఛిక సంఖ్యలతో బిందువులు ఎంచుకుని, జీపీఎస్ పట్టుకుని అక్కడికే పోవాలి. ఆ బిందువు కాస్తా ముళ్లపొదలోనో, నిలబడలేనంత ఏటవాలులోనో వచ్చి కూర్చుంటుంది. పది అడుగులు పక్కకు జరిగితే చల్లటి నీడ, చదును నేల. జరగకూడదు. ముళ్లపొదలో ఉన్న మొలక కూడా ఆ అడవిదే. నిజానికి మేకలకూ జింకలకూ అందని మొలకలు అలాంటి చోటే ఎక్కువగా దొరుకుతాయి. సౌకర్యం కోసం జరిగితే వాటినే వదిలేసినట్టవుతుంది.

తాడు కట్టి చదరాలు గీస్తాం. చెట్లకు పెద్ద చదరం, పొదలకు అందులో చిన్నది, గడ్డీగాదానికి మీటరు చదరం. అమెరికాలోని నెబ్రాస్కా గడ్డిమైదానాల్లో రాస్కో పౌండ్, ఫ్రెడరిక్ క్లెమెంట్స్ 1890ల చివర్లో ఈ పద్ధతికి శాస్త్రీయ రూపం ఇచ్చారు. దూరం నుంచి చూసి ఫలానా గడ్డి దట్టంగా ఉందని రాసుకోవడం వేరు, చదరంలో కూర్చుని ఒక్కొక్కటీ లెక్కించడం వేరని వాళ్లు చూపించారు. ఇప్పటికీ పని అదే.

చెట్టు లావును ఛాతీ ఎత్తున కొలవాలంటారు. ఎవరి ఛాతీ? అందుకే అది 1.3 మీటర్లని చాలా దేశాల్లో ఒక ఒప్పందానికి వచ్చారు. మన అటవీశాఖ పాత లెక్కల్లో అది నాలుగున్నర అడుగులు, అంటే 1.37 మీటర్లు. ఏడు సెంటీమీటర్లే కదా అని ఒకసారి ఇదీ, ఒకసారి అదీ వాడితే లెక్క పాడవుతుంది. ఏటవాలులో ఉన్న చెట్టును ఎగువ వైపు నుంచి కొలవాలి. ఆ ఎత్తుకు కిందే రెండుగా చీలితే రెండు మానులనూ విడివిడిగా కొలిచి, ఒకే చెట్టు కింద రాయాలి. ఎర్రచందనం బెరడు మొసలి చర్మంలా గళ్లుగళ్లుగా పగిలి ఉంటుంది. టేపు ఒక గడి అంచు మీద పడిందా, సందులో పడిందా అన్నదాన్ని బట్టి కొలత మారిపోతుంది. అందుకే టేపు చుట్టిన చోటే సన్నగా రంగు పూస్తాం, మళ్లీ వచ్చినప్పుడు సరిగ్గా ఆ గీత మీదే చుట్టడానికి. ఈ చెట్టు పెరుగుదల చాలా నిదానం. చెయ్యి కాస్త పైకో కిందికో జరిగితే ఏడాది పెరుగుదల మొత్తం ఆ తేడాలో కొట్టుకుపోతుంది. ఇంకో సంగతి, పొడి అడవుల్లో చెట్టు మాను ఎండాకాలంలో నీరు తగ్గి కొద్దిగా సన్నబడుతుంది, వానలకు మళ్లీ ఉబ్బుతుంది. పోయినసారి ఏ నెలలో కొలిచారో ఈసారీ ఆ నెలలోనే కొలవాలి.

అన్నిటికన్నా ఓపిక కావలసింది మొలకల దగ్గర. చెట్టుకైతే నంబరు బిళ్లను మేకుతో కొట్టవచ్చు. మొలకకు మేకు కొట్టలేం కాబట్టి పక్కన సన్నటి ఇనుప తీగ గుచ్చి నంబరు బిళ్ల కడతాం. అడవిపందులు తవ్వేస్తే తీగ పోతుంది. అందుకని చదరం మూల నుంచి ఎంత దూరంలో ఉందో రెండు వైపులా కొలిచి రాసుకుంటాం. మే నెలలో వెళ్తే సగం బిళ్లల పక్కన ఎండిన పుల్ల తప్ప ఏమీ కనబడదు. ఒకసారి ఒక కుర్ర విద్యార్థి పుస్తకంలో 'చనిపోయింది' అని రాయబోతుంటే మాతో వచ్చిన అటవీశాఖ వాచర్ పెద్దాయన వంగి, వేలితో మట్టి తీసి, పుల్ల మొదలు చూపించాడు. పైన ఎండినా లోపల వేరు పచ్చిగానే ఉంది. "సచ్చిపోలా సార్, వానొస్తే మళ్లా లేస్తాది" అన్నాడు.

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఇలాంటి పొడి అడవుల్లో చాలా చెట్ల మొలకలు వేసవిలో, మంటల్లో పైభాగం పోగొట్టుకుని, వేరు మాత్రం దాచుకుని, వానలకు మళ్లీ చిగురిస్తాయి. అలా ఏళ్ల తరబడి వేరు లావెక్కించుకుంటూ, ఒక మంచి ఏడాది చూసుకుని ఒక్కసారిగా ఎదుగుతాయి. మోకాలి ఎత్తున్న మొక్క నిరుటిది కావచ్చు, పదేళ్లదీ కావచ్చు. వేసవిలో ఒక్కసారి వచ్చి చూసినవాళ్లు ఈ అడవిలో పునరుత్పత్తే లేదని నివేదిక రాస్తారు. ఆగస్టులో వచ్చినవాళ్లు బ్రహ్మాండంగా ఉందంటారు. ఇద్దరూ చూసింది ఒకే మొక్కను.

నరికిన మోడు ఇంకో ప్రశ్న వేస్తుంది. ఎర్రచందనం మోడు నుంచి పిలకలు బాగా వస్తాయి. అయిదు పిలకలున్న మోడు ఒక చెట్టా, అయిదు చెట్లా? వేల్స్‌లోని బాంగోర్‌లో పనిచేసిన జాన్ హార్పర్ 1977లో మొక్కల జనాభా మీద రాసిన పెద్ద పుస్తకంలో ఈ చిక్కును బాగా విడదీశారు. ఒక విత్తనం నుంచి వచ్చినదంతా ఒక లెక్క, దాని నుంచి లేచిన ఒక్కో కాండం ఇంకో లెక్క. రెండూ రాసుకోవాలి. పిలకలన్నిటినీ చెట్లుగా లెక్కేస్తే నరికిన కొద్దీ అడవి పెరిగినట్టు కాగితం మీద కనబడుతుంది. ఇంతకన్నా ప్రమాదకరమైన లెక్క ఇంకోటి ఉండదు.

అదే కొండల్లో కొండ ఈత ఉంది. పేరిత అని కూడా అంటారు, శాస్త్రీయంగా సైకస్ బెడ్డోమి. తిరుపతి, కడప కొండల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగదు. ఆడ, మగ చెట్లు వేరు వేరు. మగ కంకులను మందుల కోసం కోసుకుపోతారు కాబట్టి మగ చెట్లెన్ని, ఆడవెన్ని అన్నది దీని భవిష్యత్తుకు కీలకం. కానీ ఏది ఆడో ఏది మగో కంకి వేసినప్పుడే తెలుస్తుంది, ప్రతి చెట్టూ ఏటా కంకి వేయదు. ఒక్కసారి పోయి చూస్తే చాలా చెట్ల ఎదురుగా 'తెలియదు' అని రాయాల్సిందే.

ఇలా పోగైన లెక్కలన్నీ చివరకు ఒక పట్టికలోకి చేరతాయి. మొలక, లేతమొక్క, నడిచెట్టు, పెద్దచెట్టు అని దశలు. ఒక్కో దశలో ఏటా ఎన్ని చస్తున్నాయి, ఎన్ని అక్కడే ఉంటున్నాయి, ఎన్ని పైదశకు ఎదుగుతున్నాయి. జంతువులను వయసును బట్టి ఇలా లెక్కించే పద్ధతిని 1945లో పాట్రిక్ లెస్లీ ఇస్తే, 1965లో లెఫ్‌కోవిచ్ దాన్ని దశలకు మార్చారు. మొక్కలకు ఇదే సరిపోతుంది, ఎందుకంటే మొక్క బతుకును వయసు కన్నా దాని పరిమాణమే ఎక్కువగా నిర్ణయిస్తుంది. ఈ పట్టికలు రకరకాల మొక్కలకు వేసి పోల్చినప్పుడు ఒక సంగతి పదే పదే బయటపడింది. దీర్ఘకాలం బతికే చెట్ల విషయంలో జనాభా నిలబడేది ముఖ్యంగా పెద్దచెట్ల మనుగడ మీద. మొలకలు కొన్ని వేలు అటూ ఇటూ అయినా తట్టుకుంటుంది, ఏటా పెద్దచెట్లు కొన్ని ఎక్కువ పోతే తట్టుకోలేదు. స్మగ్లర్లు ఎంచుకుని నరికేది సరిగ్గా ఆ పెద్దచెట్లనే. ఒకటి పోతే వంద నాటుతామనే మాట విన్నప్పుడల్లా నాకు ఈ పట్టికే గుర్తొస్తుంది, కడుపు మండుతుంది.

మళ్లీ మళ్లీ వెళ్లడం ఎంత విలువైనదో తమిళనాడులోని ముదుమలైలో చూడొచ్చు. భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన రామన్ సుకుమార్ బృందం 1988లో అక్కడ 50 హెక్టార్ల పొడి అడవిలో సెంటీమీటరు మందం దాటిన ప్రతి కాండానికీ నంబరు వేసింది. తొలి లెక్కలో 25 వేలకు పైగా వచ్చాయి. తర్వాతి ఏళ్లలో ఏనుగులు విరిచినవి విరవగా, మంటల్లో పోయినవి పోగా సంఖ్య బాగా పడిపోయింది. మంటలు తగ్గిన కాలంలో మళ్లీ లేచింది. మధ్యలో ఆపేసి ఉంటే ఆ అడవి అంతరిస్తోందని పాఠాల్లో చెప్పుకునేవాళ్లం.

మన దగ్గర ప్రాజెక్టు మూడేళ్లు, పీహెచ్‌డీ అయిదేళ్లు. తర్వాత బిళ్లలు తుప్పుపడతాయి, నోటుపుస్తకాలు బీరువాల్లో చెదలకు పోతాయి. నాకు తోచిన ఉపాయం ఖరీదైనది కాదు. కొండల దగ్గరున్న ప్రతి డిగ్రీ కళాశాల వృక్షశాస్త్ర విభాగం అటవీశాఖ అనుమతితో ఒక్క హెక్టారు తీసుకోవాలి. విహారయాత్రలో మొక్కలు పీకి హెర్బేరియం షీట్లు నింపే బదులు, ఏటా వానల తర్వాత ఒక వారం రెండో సంవత్సరం విద్యార్థులు అక్కడికి వెళ్లి అవే చెట్లను, అవే మొలకలను కొలవాలి. వాచర్లను పక్కన పెట్టుకుని, వాళ్ల పేర్లు కూడా రికార్డులో రాయాలి. కొలతలు పెన్సిలుతో రాయాలి, వానకు సిరా నిలవదు. చదరం మూలల్లో పాతిన రాళ్ల మ్యాపు, నోటుపుస్తకం నకలు ఒకటి కళాశాల గ్రంథాలయంలో, ఒకటి రేంజి ఆఫీసులో ఉండాలి. అధ్యాపకుడు బదిలీ అయినా, రిటైరైనా తర్వాత వచ్చినవాళ్లు ఆ మ్యాపు చూసి నేరుగా చదరం మూల రాయి దగ్గరికి చేరుకోగలగాలి. ఈసారి వానలు తగ్గగానే మొదలుపెట్టవచ్చు.