కందెన నూనె – ఒక సగం నిర్వచనం

హబ్సిగూడ దగ్గర ఉప్పల్ రోడ్డున ఉన్న భారతీయ రసాయన సాంకేతిక సంస్థ 1944లో హైదరాబాదు రాజ్యపు పరిశోధనశాలగా వెలసింది. 1956లో ప్రాంతీయ పరిశోధనశాల అయి, 1989లో నేటి పేరు పొందింది. తైలాల రసాయనం అక్కడి ముఖ్య పరిశోధనాంశాలలో ఒకటి. ఆ సంస్థ ముందునుంచే వరంగల్లు వైపు లారీలు పోతుంటాయి. వాటి ఇంజనులో ఏ నూనె పోయాలన్న ప్రశ్నకు సమాధానం మాత్రం తరచుగా రసాయన శాస్త్రంనుంచి గాక ప్రకటనలనుంచి వస్తున్నది. ఇందుకు బడిపాఠం కూడా కొంత బాధ్యత వహించవలసి ఉన్నది.

"కందెన ఘర్షణను తగ్గిస్తుంది" అన్నది విద్యార్థి నేర్చుకొనే నిర్వచనం. ఎడ్లబండి ఇరుసుకు ఆముదం పూసిన కాలానికి అది చాలును. డీజిలు ఇంజనుకు చాలదు. అక్కడ నూనె ఘర్షణను తగ్గించడమేగాక వేడిని మోసుకొనిపోవాలి, ఆమ్లాలను తటస్థం చేయాలి, మసిని పేరుకోనీయక తనలో తేలియాడనీయాలి. ఇందుకు కావలసిన సంకలితాలను తయారీదారులే ముందుగా కలుపుతారు.

నిర్వచనం సగమైనప్పుడు అపోహలు పుడతాయి. మొదటిది: నూనె ఎంత చిక్కనైతే అంత మేలు. డబ్బాపై ఉండే "15డబ్ల్యూ–40"లో 40 అనే అంకె, 100 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద స్నిగ్ధత 12.5–16.3 సెంటీస్టోకుల మధ్య ఉండాలని చెబుతుంది. 15డబ్ల్యూ చలిలో నూనె ప్రవర్తనను తెలుపుతుంది. మరీ చిక్కనైన నూనె, ఇంజను మొదలైన క్షణాల్లో అన్ని భాగాలకూ త్వరగా చేరదు. రెండవది: నల్లబడిన నూనె చెడినట్లే. మసిని పట్టి ఉంచడమే దాని పని గనుక నలుపు ఒక్కటే చెడుకు గుర్తు కాదు. ఇంజను తయారీదారు చెప్పిన గడువే ప్రమాణం.

మూడవది ఖరీదైనది: పై నుంచి మరో సీసా సంకలితం పోస్తే ఇంజను కొత్తదవుతుందట! జింకు, భాస్వరం గల సంయోగ పదార్థాలు లోహపు ఉపరితలంపై రక్షక పొరగా ఏర్పడతాయి. ఆ ఉపరితలంపై చోటు కోసం ఇతర సంకలితాలూ పోటీ పడతాయి. కొలిచి కూర్చిన పాళ్లలో కొత్తదొకటి చేర్చితే ఉన్న రక్షణే తగ్గవచ్చు. అమెరికాలో "స్లిక్ 50" అనే సంకలితపు ప్రకటనలకు ఆధారాలు లేవని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించగా, 1997లో ఆ వివాదం ఒప్పందంతో ముగిసింది.

2020 ఏప్రిల్ 1నుంచి మనదేశంలో భారత్–6 ప్రమాణాలు అమలులోకి వచ్చాక ఈ పొరపాటు మరింత నష్టదాయకమైనది. ఈ ప్రమాణాల లారీల పొగగొట్టంలో మసిని పట్టే వడపోత ఉంటుంది. అందులో చేరిన మసిని కాల్చివేయవచ్చు. నూనెలోని లోహ లవణాలనుంచి వచ్చే బూడిద మాత్రం కాలదు, అక్కడే పేరుకొంటుంది. అందుకే 2016లో వచ్చిన "సీకే–4" శ్రేణి నూనెలలో సల్ఫేటు బూడిద 1 శాతం మించరాదు. లోహ లవణాలున్న సీసా ఒకటి పోస్తే ఆ హద్దుకు అర్థమేమి? వడపోత మూసుకుపోతే బండి నిలుస్తుంది. బండి నిలిస్తే యజమాని ఆదాయమూ నిలుస్తుంది.

సంకలితాలన్నీ మోసమని దీని భావం కాదు. అవి లేనిదే నేటి నూనె లేదు. విమర్శ అంతా కొలతను విడిచిన నమ్మకంపైనే. ఘర్షణ పాఠం చెప్పేనాడు ఉపాధ్యాయులు ఒక ఖాళీ నూనెడబ్బాను తరగతికి తెచ్చి, దానిపై ఉన్న అంకెలను విద్యార్థులచేత చదివించి, అర్థం చెప్పించగలిగితే, మిగిలిన సగం నిర్వచనం అక్కడే పూర్తవుతుంది.